మూత తీయని సీసా

పెనుకొండ కోట మీద పాత మంటపంలో సయీదా మధ్యాహ్నం నుంచి వాన కోసం కాచుక్కూర్చుంది. ఈ సీమలో వానని నమ్ముకుని బాగుపడినవాడు లేడు. అయినా ఎనభై మూడులో ఆ రోజు మబ్బు మాత్రం ఆమె పంతానికి లొంగినట్టే పట్టింది.

సముద్రంలో కలిసిన పాదరసం గాలిలోకి లేచి, వానతో మళ్ళీ నేల మీదికి దిగుతుందా అన్నది ఆ అన్నాచెల్లెళ్ళ పరిశోధన. సముద్రం మీద వాననీళ్ళు పట్టడం షబ్బీర్ పని, కొండ మీద పట్టడం చెల్లెలి పని. కాకినాడ దగ్గర పడవ మునిగి షబ్బీర్ పోయాడు. శవం కూడా దొరకలేదు. ఇక చాలించమన్నారు పైవాళ్ళు. ఈ ఆఖరి వాన చేజారితే అన్న పనంతా బూడిదలో పోసిన పన్నీరే. అందుకే ఎవరి మాటా వినకుండా కొండెక్కింది.

పక్కపక్కన రెండు సీసాలు. ఒకటి వానకి తెరిచి పెట్టింది. రెండోదాన్ని శుద్ధమైన నీళ్ళతో సగం నింపి, మూతకి మైనం పోసింది. దాన్ని తెరవకూడదు. అందులో ఏ మలినమూ చేరకపోతేనే, మొదటిదానిలో దొరికింది వానదేనని నమ్ముతారు.

"పొద్దు గూకుతాండాది, పాపా. కిందికి పోదాం పా," అన్నాడు కోట కాపలాదారు ఓబన్న.

"నువ్వు పో తాతా. వాన పట్టకుండా నేను రాను."

ముసలాయన గొణుక్కుంటూ దిగిపోయాడు.

వాన మొదలైంది. మట్టివాసన లేచింది. కాసేపటికి ఆ వాసన మారింది... ఉప్పు. కుళ్ళిన చేప. నానిన మోకు.

వెనక తడికాళ్ళ చప్పుడు. ఆగింది.

"సయీదా... మూత తియ్..."

అన్న గొంతు. ఆమె తిరిగి చూడలేదు. చెయ్యి మాత్రం దానంతటదే మైనం మీదికి పోయింది.

"ఊపిరాడల్యా... తియ్..."

ఏడుపొచ్చింది. వెంటనే కోపమూ వచ్చింది.

"తీయను," అంది. "మూత తీస్తే అంతా చెడిపోతాదని నువ్వే కదన్నా నేర్పించినావు. ఇప్పుడొచ్చి నువ్వే చెడగొడతావా?"

వెనక ఎవరో నీళ్ళు కక్కుతూ దగ్గారు... తర్వాత వాన చప్పుడే మిగిలింది.

వాన సీసా సగం నిండాక దానికీ మూత బిగించి, రెంటినీ గుండెకి హత్తుకుని దిగి, హిందూపురం బస్సెక్కింది. భయపడినా పని మాత్రం చెడనీయలేదు, ఆ గర్వం ఆమెకుంది. సోమందేపల్లిలో డ్రైవర్ ఇంజన్ ఆపి టీకి దిగాడు.

ఒళ్ళో వాన సీసాలో నీళ్ళు నిలకడకొచ్చాయి.

మైనం చెక్కుచెదరని రెండోదానిలో నీళ్ళు మాత్రం ఒక పక్కకి లేచి, గాజుని కొట్టి, వెనక్కి వెళుతున్నాయి. మళ్ళీ లేస్తున్నాయి...

సయీదా మూతని అరచేత్తో అదిమి పట్టింది.

"తీయనన్నానా," అంది పళ్ళ బిగువున.

అరచేతి కింద, లోపలి నుంచి, ఎవరో మెల్లగా తట్టారు.