ఎనిమిది చానళ్ల పెట్టె

ఆదివారం ఉదయం కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా జోగేశ్వరరావు టీపాయ్ మీదున్న రెండు పెట్టెలనీ మార్చి మార్చి చూస్తున్నాడు. రెండూ రాజమండ్రి నుంచి వచ్చాయి. ఇంట్లో వాడి చూసి, నచ్చింది ఉంచుకుని రెండోది తిప్పి పంపమన్నాడు షాపతను. రెండూ ఎనిమిది చానళ్ల ప్రాసెసర్లే. హాల్లో ఉన్న ఐదు స్పీకర్లకీ, మూలనున్న బేస్ డబ్బాకీ శబ్దం ఎలా వెళ్లాలో దేనికది విడిగా దిద్దుతాయి. నల్లదానితో చిన్న మైకు వచ్చింది. అది గదిలోని శబ్దాన్ని తనే కొలుచుకుని తనే సరిచేస్తుంది. బూడిదరంగుదానికి ఆ సౌకర్యం లేదు. మనిషే విని, ఫోన్లో కనిపించే గీతల్ని పైకీ కిందికీ జరుపుకోవాలి.

అతని మనసు బూడిదరంగుదాని మీదే ఉంది.

పెనుగొండ బజార్లో వాళ్లది హోల్‌సేల్ కిరాణా కొట్టు. పొద్దుటి నుంచీ గల్లా దగ్గర కూర్చుని లావాదేవీలు చూసే మనిషికి, ఇంటికొచ్చాక కాసేపు పాటలు వినడం ఒక్కటే సరదా. కొంతకాలంగా ఆ సరదాకి తెగులు పట్టింది. పాటలో మాటలు మొద్దుబారిపోయాయి. స్పీకర్లు పాతబడ్డాయనుకుని కొత్తవి కొన్నాడు. వైర్లు మార్చాడు. శబ్దం పెంచుకుంటూ పోయాడు. కర్టెన్లు శబ్దాన్ని తాగేస్తున్నాయని తీయించేశాడు. మార్చిన ప్రతిసారీ ఇంట్లోవాళ్లని అడిగాడు. ప్రతిసారీ బాగుందన్నారు.

కొట్లో కూడా ఆడవాళ్ల మాటలు అందడం లేదని అతనికి తెలుసు. వాళ్లు నోట్లో నోట్లో మాట్లాడతారనుకున్నాడు. ఇంట్లో పాటనీ కొట్లో మాటనీ ఒకచోట పెట్టి చూడటానికి అతని మనసు ఒప్పుకోలేదు. బజార్లో దొరికే వస్తువులో ఉన్న లోపమైతే భయం లేదు. కొని మార్చేయొచ్చు.

"నాన్నగారూ, మైకున్నదే ఉంచుదామండి. మనం తల పట్టుకోక్కర్లేదు," అన్నాడు కొడుకు ప్రవీణ్, స్టాండు మీద మైకు బిగిస్తూ.

"బిగించి చూడు. పాట వినేది మైకా, నేనా?"

స్పీకర్లు ఒకదాని తర్వాత ఒకటి కూతపెట్టాయి. పెట్టె తన కొలతలు తాను తీసుకుంది. తర్వాత ప్రవీణ్ పాట పెట్టాడు. వంటింట్లోంచి కోడలు తేజస్వి పాపనెత్తుకుని అతని దగ్గరికొచ్చి గొంతు పెంచి చెప్పింది.

"ఇప్పుడు హాయిగా ఉందండి మామయ్యగారూ."

"ఇప్పుడేంటమ్మా? ఇన్నాళ్లూ బాలేదా?"

తేజస్వి భర్త వంక చూసింది. ప్రవీణ్ వైర్ల వంక చూశాడు.

"గోనెసంచిలో కూర్చుని పాడుతున్నట్టుంది," అన్నాడు జోగేశ్వరరావు. "తీసెయ్. రెండోది పెట్టు."

బూడిదరంగు పెట్టె బిగించాక ఫోన్ అతనే తీసుకున్నాడు. సన్నటి శబ్దాలని పెంచే ట్రెబుల్ గీతని మధ్య స్పీకర్‌కి జరిపాడు. చాలలేదు. పక్కవాటికీ పెంచాడు. గాయని గొంతు మెల్లగా పొగమంచులోంచి బయటికొస్తున్నట్టనిపించి అతని ముఖం విచ్చుకుంది. పాప కెవ్వుమంది. తేజస్వి దాని చెవి తన భుజానికి అదుముకుని లోపలికెళ్లి తలుపేసుకుంది.

సోఫాలో అతని పక్కనే కూర్చుని భార్య నాగరత్నం చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. రోజూ పాట పెట్టగానే ఏదో పని తెచ్చుకుని అక్కడే కూర్చుంటుంది. అతను తిరిగి చూస్తే నవ్వి తలూపుతుంది. మిగతావాళ్లు ఏదో వంకతో లేచిపోయినా ఆవిడ కదలదు. తన చెవిని అర్థం చేసుకున్నది ఈ ఇంట్లో ఆవిడొక్కతే అని అతనికో నమ్మకం.

ఎడమ స్పీకర్ వైరు వదులైందేమోనని అనుమానం వచ్చి పాట ఆపేశాడు. టార్చి తెమ్మని కొడుకుతో చెప్పడానికి ఇటు తిరిగాడు.

నాగరత్నం తలెత్తి నవ్వింది. "ఇప్పుడు బాగా వచ్చిందండీ పాట," అంది, హోరులో మాట్లాడుతున్నట్టు గట్టిగా.

హాల్లో ఫ్యాను తప్ప ఏదీ మోగడం లేదు.

"వెక్కిరిస్తున్నావా?" అన్నాడతను.

ఆవిడకి మాట చేరలేదు. కానీ అతని ముఖం చూసింది, కొడుకు ముఖం చూసింది. రెండు చేతులూ చెవుల దగ్గరికి తీసుకెళ్లి దూది ఉండలు బయటికి తీసింది. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు గుప్పిట్లో దాచుకుంది.

"ఎన్నాళ్లనుంచి?"

"చెవులు గీసుకుపోతున్నాయండి. తలపోటు వచ్చేస్తోంది."

"లేచి వెళ్లిపోవచ్చుగా. కూర్చోమని నిన్నెవరు బతిమాలారు?"

ప్రవీణ్ కల్పించుకున్నాడు. "నాన్నగారూ, మైకుకి మన మీద పగేం లేదండి. అది చెప్పింది నిజమే. తేడా గదిలో లేదు."

"అయితే నాలో ఉందంటావు. ఇంక నేను గల్లా దిగిపోవాలి, అంతేనా నీ ఎత్తు?"

"గల్లా ఎవడిక్కావాలండి?" అన్నాడు ప్రవీణ్. "చెప్పకూడదనుకున్నాను. మొన్న సిద్ధాంతం నుంచి సత్యకుమారిగారు వచ్చారు కదా, బడ్డీకొట్టు ఆవిడ. ఇన్నాళ్లూ సరుక్కి రాలేదేంటమ్మా అని అడిగారు మీరు."

"అడిగాను. ఏదో చెప్పింది."

"వాళ్లాయన పోయాడని చెప్పిందండి. మీరు నవ్వుతూ తలూపి, మంచిదమ్మా, మంచిది అన్నారు. అక్కడే నిలబడిపోయింది ఆవిడ. ఆ సాయంత్రం నేను వాళ్లింటికెళ్లి క్షమించమని అడిగొచ్చాను."

జోగేశ్వరరావు ఫోన్ టీపాయ్ మీద పెట్టేశాడు. ఆ మనిషి ముఖం గుర్తుచేసుకోవాలని చూశాడు. నుదురు గుర్తొచ్చింది. దాని మీద బొట్టు ఉందో లేదో గుర్తు రాలేదు. పెదాలు కదలడం ఆగగానే తలూపాలని కాచుకుని కూర్చున్నవాడికి ముఖం ఎక్కడ కనిపిస్తుంది? ఇంకా ఎందరికి ఇలా తలూపి పంపించాడో. కొట్లో పనివాళ్లకీ తెలిసే ఉంటుంది. తను ఒక్కడే దాచుకుంటున్నాననుకున్నది ఊరంతా కలిసి తన కోసం దాస్తోంది.

నాగరత్నం దగ్గరికి జరిగి అతని చెయ్యి పట్టుకుంది. గట్టిగా, నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "మీరొక్కరే ఆ పాట ముందు కూర్చుంటే, పేరంటంలో ఎవరూ పలకరించని మనిషిలా కనిపించేవారండి. నేను చూడలేకపోయాను."

అతను చెయ్యి విడిపించుకోలేదు. తర్వాత లేచి వెళ్లి బూడిదరంగు పెట్టె వైర్లు తీశాడు. ప్రవీణ్ సాయానికి రాబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. నల్ల పెట్టెని తనే బిగించి, పాట పెట్టి వచ్చి కూర్చున్నాడు.

గోదావరి అవతలి గట్టున ఎవరో పాడుకుంటున్నట్టు పాట సన్నగా వచ్చింది. రాగం అందీ అందనట్టుంది. మాటలు లేవు. కాసేపటికి లోపలి గది తలుపు తెరుచుకుంది. తేజస్వి పాపని భుజాన వేసుకుని వచ్చి, వెళ్లిపోవడానికి వీలుగా నిలబడి, తర్వాత కుర్చీలో కూర్చుంది. పాప కళ్లు మూతలు పడుతున్నాయి. అందరూ వింటున్నారు. వాళ్లు వింటున్నది తన దాకా రావడం లేదని అతనికి తెలుస్తోంది.

నాగరత్నం అతనివైపు తిరిగి ఏదో అంది. పెదాలు కదిలాయి. తల దానంతటదే ఊగబోయింది. బలవంతాన ఆపుకున్నాడు.

"నాకు వినపడలేదు రత్నం."

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. అతని చెవికి దగ్గరగా వంగి మళ్లీ చెప్పింది. "రేపు ఆ రెండో పెట్టె తిరిగిచ్చేసి, అట్నుంచటే రాజమండ్రిలో చెవుల డాక్టరుగారికి చూపించుకుందామా అంటున్నాను."

జోగేశ్వరరావు తన చేతుల వంక చూసుకుంటూ కూర్చున్నాడు. పాట అయిపోయిన సంగతి అతనికి తెలియలేదు.

"దార్లో సిద్ధాంతంలో ఆగుదాం," అన్నాడు చివరికి. "నాకు వినపడలేదమ్మా అని ఆ సత్యకుమారికి నేనే చెప్పాలి."