జల్లెడలో ఆగిన తిట్లు

"గాడిదా, బ్రేకు చూడకుండా బండి కదిపావంటే చేతులు విరగ్గొడతా" అని డిపో అధిపతి గావ్ చైనీస్‌లో అరిచాడు. ఇంజను డ్రైవరు చెవిపూసలో అది "వీలున్నప్పుడు బ్రేకును ఒకసారి పరిశీలిస్తే సంతోషిస్తాను" అని వినిపించింది. డ్రైవరు మర్యాదగా తల ఊపాడు. వీలు ఇంకా కాలేదనుకుని బండి కదిపాడు.

యశోధర ఎర్రజెండా పట్టుకుని పరుగెత్తాల్సి వచ్చింది. ఇలా పరుగెత్తడం ఆమెకు అలవాటైపోయింది.

జాంబియాలోని ఆ రైలు మార్గాన్ని ఒక చైనా సంస్థ కౌలుకు తీసుకుని, రాగి ఖనిజం రేవుకు తోలుతోంది. పనివాళ్ళందరూ అక్కడివాళ్ళే. ఒకప్పుడు సమ్మెలో రాళ్ళు లేచి, తలలు పగిలాక రెండు ప్రభుత్వాలూ కూర్చుని మృదువాణి అనే చెవిపూస యంత్రాన్ని తప్పనిసరి చేశాయి. అది మాటను అనువదించడమే కాదు, ఉద్రేకాన్ని జల్లెడ పట్టి మర్యాదను మాత్రమే అవతలి చెవికి పంపుతుంది. ఆ యంత్రాన్ని తయారుచేసిన హైదరాబాదు సంస్థ యశోధరను ఈమధ్యే పర్యవేక్షకురాలిగా పంపింది. ఆమె ఎడమ చెవిలో జల్లెడ దాటిన మాట, కుడి చెవిలో జల్లెడ పట్టని అనువాదం, అంటే పచ్చిపాయ. రెండూ వినే మనిషి డిపో మొత్తానికి ఆమె ఒక్కతే.

ఏళ్ళుగా అక్కడ గొడవన్నది లేదు. దాన్ని ప్రధాన కార్యాలయం శాంతి అంటుంది. కొట్లాట మానేసిన ఇల్లు ప్రశాంతంగా ఉన్నట్టు కాదని యశోధర పైకి రాసింది. అభినందనకు కృతజ్ఞతలంటూ జవాబొచ్చింది. తన ఫిర్యాదు కూడా జల్లెడ గుండానే వెళ్ళిందని అప్పుడర్థమైంది. ఆ రోజు ఆమెకు కలిగింది కోపం కూడా కాదు. అరిచినా తన గొంతు తనకే మెత్తగా వినబడుతున్నట్టుండే ఒక ఉక్కపోత.

మధ్యాహ్నం కార్మిక నాయకుడు టెంబో తల్లి అంత్యక్రియలకు ఆమె గావ్‌తో కలిసి బయలుదేరింది. కౌలు పొడిగింపుకు టెంబో సంతకం కావాలి. పెడతాడో లేదో రేపు చెబుతానన్నాడు. కొన్నాళ్ళుగా అతను ముభావంగా ఉంటున్నాడు. ఎందుకో గావ్‌కు తెలియదు.

"అక్కడికెళ్ళి తిట్టాలి నేను" అన్నాడు గావ్ కారులో.

"తిట్టడమేంటండీ?"

"టెంబో అంగోని తెగవాడు. వాళ్ళూ బెంబా తెగవాళ్ళూ ఒకప్పుడు యుద్ధాలు చేసుకుని, తర్వాత వేళాకోళపు చుట్టాలయ్యారు. చావింటికి ఆ చుట్టం వచ్చి పోయినవాళ్ళని ఎగతాళి చెయ్యాలి. అంతదాకా ఇంటివాళ్ళకి ఏడుపు రాదు. సమ్మె అయ్యాక, రాళ్ళేసుకున్నాం కాబట్టి మనమూ బావలమే అన్నాడు టెంబో."

"మా వైపు వియ్యాలవారు వేళాకోళమాడకపోతే పెళ్ళికి కళే ఉండదు."

"మరి చావుకి?"

"చావులో ఆడేంత ధైర్యం మాకు లేదండీ."

గావ్ నవ్వాడు. "నేను తిడుతూనే ఉన్నాను. అతనూ తిడుతున్నాడనే నా నమ్మకం. ఈ దిక్కుమాలిన పూస నాకు పూలే అందిస్తోంది."

టెంబో ముంగిట్లో చాప మీద కూర్చున్నాడు. కళ్ళు పొడిగా ఉన్నాయి. గావ్ అతని ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ముసలమ్మ పోయిందా? మంచిదే. ఆవిడ మొక్కజొన్న సంకటి ఇంకా నా కడుపులో కాంక్రీటులా ఉంది. దాంతో వంతెన కట్టుకోవచ్చు."

యశోధర ఎడమ చెవిలో మృదువాణి పలికింది. "మీ మాతృమూర్తి మరణానికి నా ప్రగాఢ సానుభూతి."

"ధన్యవాదాలు, అధికారిగారూ" అన్నాడు టెంబో. ఆఫీసులో ఫైలు అందుకున్నట్టే ఉంది ఆ తల ఊపు.

గావ్ ఇంకా మొరటుగా తిట్టాడు. సానుభూతి ఇంకా ప్రగాఢమైంది. టెంబో కళ్ళు ఇంకా పొడిగానే ఉండడం యశోధర చూసింది. ఉద్యోగం పోతుంది. పోనీ అనుకుంది. ఇద్దరి పూసల్లోకీ పచ్చిపాయ తెరిచింది.

"ఏం బావా, అమ్మ పోయిందని బెంగా, వండిపెట్టే దిక్కు పోయిందని బెంగా?" అన్నాడు గావ్.

టెంబో ఉలిక్కిపడి తలెత్తాడు. కడుపులోంచి నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఏడుపు మొదలైంది. ఆడవాళ్ళు శోకం అందుకున్నారు.

"ఇన్నాళ్ళకి నోరు పెగిలిందిరా దొంగ బావా!" అన్నాడు టెంబో ముక్కు తుడుచుకుంటూ. "మా అమ్మ దారి మింగిన కంచె నీది. పట్టాల అవతల పొలానికి ఆ ముసలిది వంతెన దాకా తిరిగి తిరిగి పోయేది. ప్రతి కోతలకీ నీ ముఖమ్మీదే అడిగాను. ఒరే కంచెల పిశాచీ, ఒక్క గేటు పెట్టు, నీ తాత సొమ్మేం పోదు అని. నువ్వు పళ్ళికిలించి దణ్ణం పెట్టేవాడివి."

గావ్ ముఖంలో నవ్వు అలాగే నిలిచిపోయింది. "ఏ గేటు?"

టెంబో ఏడుపు ఆగింది.

"మా కంచె గట్టిదన్నావు" అన్నాడు గావ్ నెమ్మదిగా. "అమ్మ దీవెనలు చెప్పిందన్నావు. నాకు వినబడింది అదే."

యశోధరకు అప్పుడర్థమైంది. బావను బతిమాలి అడగడం ఇక్కడ నామోషీ. కావలసింది తిట్టే అడగాలి. తిట్టూ కోరికా ఒకే ముద్దగా వచ్చినప్పుడు జల్లెడ ముద్దనంతా పారేసి, ఆ ఖాళీలో దీవెన పెట్టింది.

"అది ఒక్క పూట పని బావా" అన్నాడు గావ్.

తిట్టు రాలిపోయినా అడిగింది చేరుతుందనే నమ్మి టెంబో, విని కూడా నవ్విన మనిషిని ఏళ్ళ తరబడి ద్వేషించాడు. ఆ మనిషి కోసమే సంతకం ఆపాలనుకున్నాడు. తీరా చూస్తే ఆ మనిషి ఎన్నడూ లేడు. తల్లితో పాటు ఆ ద్వేషం కూడా పోయి, దాని చోటు ఇంకా నొప్పి పెడుతూనే ఉంది.

గావ్ డిపోకు ఫోను కలిపాడు. కంచె కోసే యంత్రం పంపమన్నాడు, వెల్డింగు మనిషిని పంపమన్నాడు, ఇప్పుడే రావాలన్నాడు. రేపటి సంతకం మాట ఎవరూ ఎత్తలేదు.

టెంబో అతని చెయ్యి పట్టుకుని ఫోను కిందికి దించాడు.

"వద్దు బావా" అన్నాడు. "ఇప్పుడెవరు నడవాలి?"