పదకొండు ఊపిరులు

భేస్తాన్‌లో మా ఇంటి వెనకగదే నా స్టూడియో. గోడలకు బొంతలు, బల్ల మీద ఒక కంప్యూటరు, ఒక మైకు. మామూలు రోజుల్లో పక్క షెడ్డులోని సాంచాల మోతకు ఇక్కడ పగటిపూట గొంతు రికార్డు చేయడం కుదరదు. కరోనా రెండోసారి ముదిరి ఆ మరమగ్గాలు ఆగిపోయినప్పుడు, సంబరపడ్డవాణ్ని నేనొక్కణ్నే కాబోలు. చెల్లెలు సింధూజ చేత ఓ చీరల ప్రకటనకు పాట పాడించాను. వారం తిరక్కుండానే దాన్ని కోవిడ్ వార్డులో చేర్చాం.

ఆ ఉదయం చీరల సేఠ్ ఫోన్ చేసి గుజరాతీలో అన్నాడు.

"గీత్ సరస్ ఛే, పరమేశ్వర్‌భాయ్. పణ్ శ్వాస్‌నో అవాజ్ కాఢీ నాఖో."

పాట బాగుందట. కానీ మధ్యమధ్య సింధు ఊపిరి పీల్చే చప్పుడు తీసేయాలట. ఈ రోజుల్లో అది వింటే జనానికి రోగులు గుర్తొస్తారట. నాలుగింటికల్లా పంపితే, సింధుకు రాసిన ఇంజెక్షన్ తన మనిషి చేత ఇప్పిస్తానన్నాడు. ఊరంతా తిరిగినా మాకు దొరకని ఇంజెక్షన్. చప్పుడేం ఖర్మ, పాటంతా తీసేయమన్నా తీసేసేవాణ్ని.

తెర మీద దాని గొంతు ఒక గీతలా సాగుతుంది. మాటల దగ్గర లావుగా ఉబ్బుతుంది. మాటకూ మాటకూ మధ్య చిన్న బుడిపె... అదే ఊపిరి. మొత్తం పదకొండు. ఎనిమిది కత్తిరించి సేవ్ చేశాను. కంప్యూటరులో జాగా చాలక, వాడని ముక్కలన్నీ, అసలు రికార్డింగుతో సహా తుడిచేశాను. నా అంత తెలివైనవాడు ఇంకొకడు ఉండడు! ఫైలు మూసి, నాలుగు మెతుకులు తిని, రెండింటికి మళ్లీ తెరిచాను.

తొమ్మిదోది తీశాను. ఫోన్ మోగింది.

ఎల్లవ్వత్త. మా గల్లీ ఆవిడే, ఆ వార్డులో ఆయా. మమ్మల్ని లోపలికి రానివ్వరు కాబట్టి ఆమె ఫోనే మాకు దిక్కు.

"పరమేశూ..." గుసగుసగా అంది. "పొద్దటి సంది సిందుకు దమ్ము నడుమ నడుమ ఆగుతాంది కొడుకా. గిప్పుడు మల్ల ఆగింది. డాక్టర్లకు సుత సమజైతలేదు."

"ఎన్నిసార్లు?" ఎందుకడిగానో తెలియదు.

"తొమ్మిదిసార్లు. లెక్కవెట్టిన."

గదిలో ఆసుపత్రి వాసన... ఎక్కడినుంచి వచ్చిందో.

"ఫోన్ పెట్టకు అత్తా. జర దాన్నే చూస్తుండు."

నేను నమ్మలేదు. నమ్మలేదు కాబట్టే పదోది కత్తిరించాను.

"అయ్యో... ఆగింది."

అన్‌డూ నొక్కాను.

"ఆ... తీసుకుంది."

మళ్లీ నొక్కాను. తొమ్మిదోదీ వచ్చింది. మళ్లీ నొక్కాను... ఏమీ రాలేదు. ఒకసారి మూసి తెరిచిన ఫైలులో వెనకటివి ఉండవు. పిచ్చివాడిలా పాటను మొదటినుంచి మోగించాను. మొదటి ఖాళీ దాటింది. రెండోది...

"తీసుకుంటలేదు కొడుకా... తీసుకుంటనే లేదు. పెదవులు నల్లవడుతున్నయి..."

పాట ఆపేశాను. అక్కడ మాత్రం ఏమీ మారలేదు. అవతల చెప్పుల పరుగు వినిపించింది. మధ్యలో సేఠ్ ఫోన్ వస్తోంది. ఎత్తలేదు. ఏడుస్తూ మైకు దగ్గరికి లాక్కున్నాను. నా ఊపిరి పీల్చాను. కోశాను. మొదటి ఖాళీలో అతికించాను.

"ఒకటి తీసుకుంది..."

రెండు. మూడు. ఛాతీ బరువెక్కింది. ఐదు... కళ్లు తిరిగాయి. ఆపలేదు. దాన్ని పోనివ్వను. ఏడు... ఎనిమిది.

ఫోన్‌ను చెవికి అదుముకున్నాను.

"అత్తా?"

"తీసుకుంటాంది బిడ్డా! మంచిగ తీసుకుంటాంది. కండ్లు తెరిచింది." ఆమె ఏడుస్తోంది. నేనూ ఏడుస్తూనే నవ్వాను. "ఏందో అంటాంది... ఆగు, ఇని జెప్త."

ఆమె గొంతు ఇంకా తగ్గింది.

"అన్నను దమ్ము తీసుకొమ్మను అంటాంది కొడుకా. గదే మాట మల్ల మల్ల అంటాంది."

"తీసుకుంటున్ననే," అన్నాను.

మైకు ఆపడం మరిచాను. ఇంకా రికార్డవుతోంది. ఆ మాటకు తెర మీద గీత లేచింది. మాట అయిపోగానే పడిపోయింది.

మైకును పెదవులకు ఆనించి, నా ఊపిరి బుడిపె లేస్తుందేమోనని తెరనే చూస్తూ కూర్చున్నాను. ఒక నిమిషం... రెండు...

గీత కదల్లేదు.