అమ్మ ఎడమ బుగ్గ

తెల్లవారి చాలాసేపయినా ఆ ఇంటి హాల్లోకి వెలుగు రాలేదు. కిటికీలకు రెండేసి కర్టెన్లు వేలాడుతున్నాయి. ఇంట్లో ప్రింటు తీసిన ఫోటోలు ఎండ తగిలితే వెలిసిపోతాయని పెద్దాయన ఎక్కడో చదివాడు. ఆ రోజు నుంచి సూర్యుడు ఆ ఇంటికి పరమ శత్రువయ్యాడు. కొడుకు ఆ చీకట్లో టీపాయ్‌కి మోకాలు కొట్టుకుని, కుంటుకుంటూ ఆఫీసుకు వెళ్లాడు.

పెద్దాయన ఒక ఫ్యాక్టరీలో స్టోర్‌కీపరుగా చేసి రిటైరయ్యాడు. ఒక్క బోల్టు కనబడకపోయినా, దొంగ దొరికేదాకా నిద్రపోని మనిషి. ఇప్పుడు ఆయనకు కనబడకుండా పోతున్నది అత్తగారి ఎడమ బుగ్గ.

పెద్దావిడ తల్లి బతికుండగా ఒంటరిగా ఒక్క ఫోటో కూడా దిగలేదు. ఎవరి పెళ్లిలోనో తీసిన గ్రూపు ఫోటోలో ఓ మూల నుంచి తొంగిచూస్తూ దొరికింది. పెద్దాయన చుట్టుపక్కల వాళ్లందరినీ కత్తిరించేసి, కొత్త ప్రింటర్‌లో పెద్దగా తీసి భార్య చేతిలో పెట్టాడు. ఆ పూటంతా ఆవిడ ఆ ఫోటోను ఒళ్లోంచి దించలేదు. తీరా సిరా ఆరకముందే అద్దం బిగిస్తే, అత్తగారి ముక్కు అద్దానికి అంటుకుని ఊడొచ్చింది. అద్దానికో దండం పెట్టి, రెండో ప్రింటు ఉత్త ఫ్రేములో తగిలించాడు. అప్పటి నుంచి ఎన్నిసార్లు కొత్తగా తీసినా, కొన్నాళ్లకే ఎడమ బుగ్గ కారిపోతోంది.

ఎందుకు కారుతోందో పెద్దావిడకు తెలుసు. రోజూ పొద్దున గిన్నెలు కడిగి వంటింట్లోంచి వస్తూ, ఎవరూ చూడకుండా అమ్మ బుగ్గ నిమురుతుంది. చెయ్యి తుడుచుకుందామనే అనుకుంటుంది. తీరా అమ్మ ముఖం కనబడగానే తడి సంగతి గుర్తుండదు. నిజం చెబితే ఆయన ఫోటోను తీసుకెళ్లి చెయ్యందని ఎత్తులో పెట్టేస్తాడు. అందుకే ఆవిడ నోరు కుట్టేసుకుంది.

"ఏమోయ్, ఇటు రా! మీ అమ్మ బుగ్గ మళ్లీ కారింది," అని పెద్దాయన కేకేశాడు. ఒక చేతిలో టార్చిలైటు, ఇంకో చేతిలో భూతద్దం.

"ఎండేమోనండీ," అంది పెద్దావిడ గొంతు సవరించుకుని.

"ఈ ఇంట్లో ఎండ మొహం చూసి ఎన్నాళ్లయింది? ఎండకి రంగు వెలుస్తుంది గానీ కారదు. ఇది తడి. ఎక్కణ్నుంచి వస్తోంది?" అంటూ ఆయన టార్చి వంటింటి వైపు తిప్పాడు. ఆ వెలుగులో గరిటె పట్టుకుని కోడలు నిలబడి ఉంది.

"నా మీద వేస్తారేంటి మామయ్యా?"

"కుక్కరు ఆవిరమ్మాయ్. తలుపేసి వండమన్నానా లేదా?"

"తలుపేసుకుంటే లోపల నేనే ఉడుకుతున్నాను! అయినా ఆవిరి వచ్చి అమ్మమ్మగారి ఎడమ బుగ్గ మీదే కూర్చుంటుందా? కుడి బుగ్గతో దానికేం గొడవ?"

పెద్దాయన టార్చి వేసి కుడి బుగ్గ చూశాడు. అది చెక్కుచెదరలేదు. "అయితే నువ్వే ముట్టుకుంటున్నావన్నమాట," అనేశాడు.

కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి. "దుమ్ము దులపాలన్నా భయపడి ఆ గోడ పక్కకే పోవట్లేదు నేను. ఇక నా వల్ల కాదు, మా అమ్మ దగ్గరికి వెళ్లిపోతా. అక్కడ కనీసం వెలుగుంటుంది."

పెద్దావిడ ఇద్దరి మధ్యకీ వచ్చింది. "దాన్ననకండి. నేనే," అంది. "రోజూ నిమురుతున్నా. తడి చేత్తో."

"నువ్వా?"

"అమ్మ పోయేటప్పుడు సమయానికి చేరుకోలేకపోయాను కదండీ. ఆఖరిసారి ముట్టుకోలేకపోయాను. ఇది కాగితమని నాకూ తెలుసు. మీకు పుణ్యముంటుంది, పైన మాత్రం పెట్టకండి."

పెద్దాయన టార్చి ఆర్పేశాడు. "ఇన్నాళ్లూ నన్ను చీకట్లో కూర్చోబెట్టావా?" అన్నాడు.

"మమ్మల్ని కూడా," అంది కోడలు ముక్కు తుడుచుకుంటూ.

ఆయన ఫోటో తీసుకుని గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. రెండు రోజులపాటు లోపల ప్రింటరు మూలిగింది, బాల్కనీలోంచి ఏదో స్ప్రే వాసన వచ్చి అందరూ తుమ్మారు. పెద్దావిడ పొద్దున్నే అలవాటుగా చెయ్యి చాపింది. ఖాళీ గోడ తగిలింది. అమ్మ మళ్లీ పోయినంత దిగులేసింది.

ఆ మర్నాడు వంటింట్లోంచి వస్తూనే ఆవిడ కళ్లు చిట్లించింది. కర్టెన్లు తీసేసి ఉన్నాయి. ఎండ పడని గోడ మీద, ఎత్తున, అద్దం వెనక అమ్మ! ఫోటోకి అద్దం అంటుకోకుండా చుట్టూ అట్ట అంచు కూడా ఉంది. పెద్దావిడ ముఖం వాడిపోయింది. అంతలో కిందికి చూసింది. సరిగ్గా తన చెయ్యి అందే ఎత్తులో, అద్దం లేకుండా, మిలమిలలాడుతూ ఇంకో అమ్మ.

"పైది అందరం చూడ్డానికి. ఇది నీకు," అన్నాడు పెద్దాయన ఎటో చూస్తూ. "బాగా ఆరబెట్టి, పల్చగా వార్నిష్ స్ప్రే మూడు పూతలు కొట్టాను. కాస్త తడి తగిలినా కారదు. కారితే ఇంకోటి తీస్తా. నేనున్నంతకాలం మీ అమ్మకేం ఢోకా లేదు. అయినా ముందు చేతులు తుడుచుకో."

ఫోటో పక్కనే కొత్త మేకు, దానికి చిన్న తువ్వాలు. పెద్దావిడ ఆ తువ్వాలు తీసి కళ్లొత్తుకుంది.

"అది చేతులకి!" అని అరిచాడాయన.

"కళ్లకి ఇంకో మేకు కొట్టండి మామయ్యా!" అంటూ కోడలు వంటింట్లోంచి వచ్చింది.

పెద్దావిడ నవ్వుతూ, ఏడుస్తూ, తుడుచుకోని చేత్తోనే అమ్మ బుగ్గ నిమిరింది. ముగ్గురూ ఊపిరి బిగబట్టి చూశారు. బుగ్గ కారలేదు.