తోరణం కొత్త వెర్షన్‌కు ఒక అభ్యంతరం

శనివారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు పీణ్య పారిశ్రామికవాడలోని తన షెడ్డులో బైరప్పను చంపారు. లేత్ మెషిన్ తిరుగుతూ ఉండగానే వెనకనుంచి మెడకు స్టీలు తీగ బిగించి, నలభై సెకన్లలో పని ముగించారు. పక్క షెడ్డులో డ్రిల్లింగ్ జరుగుతోంది కాబట్టి ఎవరికీ ఏమీ వినపడలేదు. చంపినవాడు బైరప్ప ఫోనూ, మెడలో దారానికి కట్టుకున్న చిన్న యూఎస్‌బీ కీ తీసుకున్నాడు. ఆ కీ పనిచేయాలంటే వేలిముద్ర కావాలి. అందుకని బైరప్ప కుడి చూపుడువేలు కూడా కోసుకుపోయాడు.

బైరప్ప వారమంతా బోల్టులు తయారుచేసేవాడు. మిగిలిన టైములో, తొమ్మిదేళ్లుగా, పైసా తీసుకోకుండా 'తోరణం' అనే సాఫ్ట్‌వేర్‌ను కనిపెట్టుకుని ఉండేవాడు. వెబ్‌సైట్లు నడిపే సరంజామా అది. ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు. దేశంలో పన్నెండు వేల సైట్లు దానిమీద నడుస్తున్నాయి. వాటిలో సగం ఆస్పత్రులవి. ఏ రోగికి డయాలసిస్ ఎప్పుడు, ఏ రక్తనిధిలో ఏ గ్రూపు ఎంత ఉంది, అన్నీ అందులోనే. ఇంత బరువు మోస్తున్నది నలభై మంది వాలంటీర్లు. మరి పెద్ద పెద్ద సంస్థలు ఏం చేస్తున్నాయంటారా? శుభ్రంగా వాడుకుంటున్నాయి.

పదకొండున్నరకు, బోరు మోటార్లు రిపేరు చేసే ఒక షాపు వెనక గదిలో ఏజెంట్ బసవరాజు నిలబడి ఉన్నాడు. ఎదురుగా అతని గూఢచారి విభాగం చీఫ్ పెద్దమునియప్ప. ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్కసారి కూడా గొంతు పెంచని మనిషి.

"చూడప్పా బసవా. కొత్త వెర్షన్ ఒకటి రెడీగా ఉండాది. దాంట్లో దొంగ తలుపు పెట్టినారు. అది గాని బయటికి పోయిందంటే ఆరు వేల ఆస్పత్రులు బైరప్పను చంపిన విదేశీ ముఠా చేతిలో ఉంటాయి. వాళ్లు ఎప్పుడు అనుకుంటే అప్పుడు బంద్."

బయటికి పోవాలంటే రెండు కీలు పడాలి. ఒకటి బైరప్పది, అది ముఠా చేతిలోకి పోయింది. రెండోది కిరణ్మయి దగ్గర ఉంది. బెళ్ళందూరులో అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు. మోసాన్ని కనిపెట్టింది కూడా ఆవిడే. పది నలభైకి బైరప్ప పేరుతో ఆ వెర్షన్‌కు ఆమోదం వచ్చింది. కింద ఒకటే మాట: 'బాగుంది'. అది చూడగానే ఆవిడకు అనుమానం వచ్చిందట. తొమ్మిదేళ్లలో బైరప్ప ఎవరి పనినీ బాగుందన్న పాపాన పోలేదు. ఆవిడ రాసిన ఆరు లైన్ల మార్పును ఒకసారి పదకొండుసార్లు తిప్పికొట్టాడు. వెంటనే ఫోన్ చేస్తే ఎత్తలేదు. షెడ్డు నంబరుకు చేస్తే, అప్పటికే అక్కడికి వచ్చిన ఎస్‌ఐ ఎత్తాడు.

"ఆయమ్మను ప్రాణంతో తీసుకురా. కీ కూడా," అన్నాడు పెద్దమునియప్ప. తోడుగా సహన అనే అమ్మాయి ఉంటుందని, రెండేళ్లుగా వాలంటీర్లలో ఉంటూ మనకు కబుర్లు చేరవేస్తున్నది తనేనని చెప్పాడు. కోడ్‌వర్డ్ మాత్రం కిరణ్మయికి తప్ప ఎవరికీ చెప్పలేదన్నాడు.

రెండు గంటలకు బసవరాజు పురుగుమందు కొట్టేవాడి వేషంలో బెళ్ళందూరు చేరాడు. వీపున సిలిండర్. అందులో ఉన్నది డిపార్ట్‌మెంటు తయారుచేసిన మిరప గ్యాసు. గేటు దగ్గర సెక్యూరిటీవాడు యాప్‌లో ఎంట్రీ లేనిదే పంపనన్నాడు. పేరు, ఫోటో, ఓటీపీ. ఆరు నిమిషాలు అక్కడే పోయాయి. ఈ నగరంలో హంతకుడికి దొరికినంత తేలిగ్గా దారి పనివాడికి దొరకదు మరి.

తలుపు తీసిన అమ్మాయిని చూసి బసవరాజు ఒక్క క్షణం డైలాగు మరిచిపోయాడు. ముదురు నీలం చీర, పొట్టి జుట్టు, ఎదుటివాడి చూపును కొలిచే కళ్లు.

"బొద్దింకలు ఉన్నాయన్నారు?"

"బొద్దింకలు కాదు, చెదలు. రండి. నేను సహన."

జవాబు సరైనదే. మనిషి తప్పు. బసవరాజు చెయ్యి నడుము దగ్గరి పిస్టల్ మీదికి వెళ్లింది. కోడ్‌వర్డ్ ఆమెకెలా తెలిసిందని అడిగాడు. సహన నవ్వి ఫోన్ చూపించింది. విడుదల టీమ్ గ్రూపులో కిరణ్మయి మధ్యాహ్నం పెట్టిన మెసేజ్: 'కోడ్‌వర్డ్ ఇదీ. చాలా వీక్‌గా ఉంది, ఎవరైనా గెస్ చేసేస్తారు. రివ్యూ ప్లీజ్.'

ఏమంటాం చెప్పండి. ఏళ్ల తరబడి ఏ పనీ నాలుగు కళ్లు చూడకుండా చేయకూడదని నేర్చుకున్నవాళ్లు. ప్రాణం మీదికి వచ్చినా అలవాటు పోలేదు.

"గ్రూపులో ఎవరెవరున్నారు?" అన్నాడు బసవరాజు.

"ముగ్గురమే. నేను, కిరణ్మయి, బైరప్పగారు."

బైరప్ప ఫోను హంతకుడి దగ్గర ఉంది. వాడు కూడా ఈ మెసేజ్ చదివే ఉంటాడు. బసవరాజు పిస్టల్ లాగి గిర్రున తలుపు వైపు తిరిగాడు, శత్రువు అటునుంచే వస్తాడని. సహనకు కావలసిందీ అదే. వెనకనుంచి బరువైనదేదో అతని తలమీద పడింది.

మెలకువ వచ్చేసరికి హాల్లో నేలమీద పడి ఉన్నాడు. చేతులు ముందుకు కట్టేశారు. పిస్టల్ లేదు. సిలిండర్ మాత్రం కాళ్ల దగ్గరే దొర్లి ఉంది. పురుగుమందు డబ్బా కదా, ఎవరూ పట్టించుకోలేదు. కుర్చీకి కట్టేసిన నలభై ఏళ్ల మనిషి కిరణ్మయి. ఆమె ముందు మోకాళ్లమీద కూర్చున్న తెల్లవాడి పేరు లూకాస్ అని తర్వాత తెలిసింది. చేతిలో పటకారు ఉంది.

కిరణ్మయి కుడి చెయ్యి పిడికిలి బిగించింది. కీకి కావలసిన చూపుడువేలు లోపల దాచుకుంది. లూకాస్ ఆ పిడికిలిని తెరుస్తున్నాడు. చిటికెనవేలు విరిచాడు. ఉంగరంవేలు విరిచాడు. ఆమె అరవకుండా నోట్లో గుడ్డ కుక్కారు. నడిమివేలు విరిగిన చప్పుడు బసవరాజుకు స్పష్టంగా వినిపించింది. ఇక దాచడానికి ఆమెకు బలం చాల్లేదు. లూకాస్ ఆ చూపుడువేలిని లాగి కీమీద నొక్కాడు.

లాప్‌టాప్ మీద పచ్చ గుర్తు వెలిగింది. రెండు గంటల పదిహేను నిమిషాలు. దాని కింద గడియారం వెనక్కి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పద్నాలుగు నిమిషాల యాభై తొమ్మిది సెకన్లు.

"పావుగంట ఆగాలి. ఈలోగా ఎవరూ అభ్యంతరం పెట్టకపోతే విడుదలైపోతుంది. తర్వాత వీళ్లిద్దరినీ తేల్చేద్దాం," అంది సహన ఇంగ్లీషులో.

బసవరాజు కదలకుండా పడుకుని, గడియారం అయిదు నిమిషాలకు దిగేదాకా బూటు కొనతో సిలిండర్‌ను ఇంచీ ఇంచీ తన వైపు లాక్కున్నాడు. తర్వాత వాల్వు మీద మడమతో ఒక్క తన్ను తన్నాడు.

గది ఎర్రటి పొగతో నిండిపోయింది. లూకాస్ కళ్లు మూసుకునే కాల్చాడు. మొదటి గుండు లాప్‌టాప్‌ను తునకలు చేసింది. రెండోది బసవరాజు ఎడమ భుజంలో దిగింది. మూడోది సహన పొట్టలో. బసవరాజు తలతో లూకాస్ కడుపులో పొడిచి, వాణ్ని వంటింట్లోకి తోసుకుపోయాడు. వాడు గొంతు పట్టుకున్నాడు. బసవరాజు వాడి చెవిని కొరికి ఊడదీశాడు. గట్టుమీద వెట్ గ్రైండర్ ఉంది. కట్టేసిన రెండు చేతులతో అందులోని రాయి పెరికి నెత్తిమీద వేశాడు. రెండో దెబ్బకే లూకాస్ పోయాడు. మూడోది అవసరం లేదు. కానీ వాడి చొక్కా జేబులోంచి చిన్న ప్లాస్టిక్ డబ్బా జారిపడింది, అందులో బైరప్ప వేలుంది. బసవరాజు మూడోది కూడా వేశాడు.

కత్తితో తన కట్లు, ఆమె కట్లు కోశాడు. నోట్లో గుడ్డ తీయగానే కిరణ్మయి అడిగింది టైమెంతని. రెండుంబావు దాటి పదకొండు నిమిషాలు.

"లాప్‌టాప్ పోయినా సర్వర్లో టైమర్ నడుస్తూనే ఉంటుంది. నేను ఆపలేను. సైన్ చేసినవాళ్లు ఆబ్జెక్ట్ చేయకూడదు, అది మా రూల్. వేరే వాలంటీర్ ఎవరైనా చేయొచ్చు, నిన్న జాయిన్ అయినా ఓకే. మీ ఫోన్ తీయండి సార్. మీరు జాయిన్ అవుతున్నారు."

పేరు, ఈమెయిలు. తర్వాత, మరమనిషి కాదని రుజువుకు, సైటు ట్రాఫిక్ లైట్లున్న బొమ్మలన్నీ గుర్తించమంది. కళ్లలో మిరపకారం, భుజంలోంచి రక్తం. మొదటిసారి తప్పాడు. రెండోసారి దాటాడు. అభ్యంతరం ఊరికే పెట్టడానికి వీల్లేదట. మూడు గడులు నింపాలి. ఏం చేశారు? ఏం జరగాలనుకున్నారు? ఏం జరిగింది? ఒక్కటి ఖాళీగా ఉన్నా ఫారం తీసుకోదు. ఫోన్లోనూ అదే గడియారం నడుస్తోంది, ఇంకా యాభై సెకన్లు.

బసవరాజు రక్తపు బొటనవేలితో టైప్ చేశాడు. 'తలుపు కొట్టాను.' 'కిరణ్మయిగారు క్షేమంగా ఉండాలి.' 'బైరప్పగారిని చంపారు. కిరణ్మయిగారి వేళ్లు విరిచారు. ఈ వెర్షన్‌లో దొంగ తలుపు ఉంది. ఆపండి.'

పంపాడు. స్క్రీన్ కాసేపు తెల్లగా తిరిగింది. తర్వాత 'విడుదల నిలిపివేశాం' అని వచ్చింది. గడియారంలో నాలుగు సెకన్లు మిగిలాయి.

గోడకు చేరబడిన సహన కొనఊపిరితో ఉంది. పొట్ట పట్టుకున్న వేళ్ల సందుల్లోంచి రక్తం కారుతోంది.

"రెండేళ్లలో మూడు వందల బగ్స్ ఫిక్స్ చేశాను. అవి మాత్రం నిజంగానే చేశాను," అంది.

"తెలుసు. అన్నీ రివ్యూ చేసింది నేనే కదా," అంది కిరణ్మయి. సహన ఊపిరి ఆగాక ఏడ్చింది. సహన కోసమో, బైరప్ప కోసమో ఆమెకే తెలియలేదు. తొమ్మిదేళ్లు బైరప్పతో కలిసి పనిచేసింది కానీ పీణ్య దాకా ఒక్కసారీ వెళ్లలేకపోయింది.

ఆదివారం ఉదయం ఇద్దరూ ఒకే ఆస్పత్రి వార్డులో ఉన్నారు. ఆమె చేతికి పిండికట్టు, అతని భుజానికి కుట్లు. దొంగ తలుపు తీసేశారని, ఆ ఆరు వేల ఆస్పత్రుల్లో ఎవరికీ ఈ సంగతే తెలియదని పెద్దమునియప్ప చెప్పి వెళ్లాడు. ఇంతలో బసవరాజు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. గుంటూరునుంచి వెంకటేశ్వర్లు అనే వాలంటీరు. అభ్యంతరాలు వచ్చిన వరసలో చూసుకుంటూ, అతనిదాకా వచ్చాడు.

'స్వాగతం అండీ. మీ మొదటి రిపోర్టుకు ధన్యవాదాలు. వివరాలు సరిపోవు. ఇదే సమస్య మళ్లీ వచ్చేలా చేసి, స్క్రీన్‌షాట్ పెట్టగలరా?'

కిరణ్మయి చదివి, నొప్పి మరిచిపోయి నవ్వింది. అచ్చం బైరప్పలాగే అడిగాడని కళ్లు తుడుచుకుంది. జవాబివ్వకపోతే వారంలో రిపోర్టు దానంతటదే మూసేస్తారని కూడా చెప్పింది. బసవరాజు టైప్ చేశాడు.

'ఒక్కసారికే ముగ్గురు పోయారండీ. రెండోసారికి మా ఆఫీసు పర్మిషన్ ఇవ్వదు.'