అంగుళం వదిలిన గీత

కుక్క తల గీయడం అంత బ్రహ్మవిద్యేమీ కాదని పైవాటాలో ఉండే డ్రాయింగ్ మాస్టారు తేల్చేశాడు. మెట్ల మీదే నిలబడి, పాత కవరు వెనక గీసి మరీ చూపించాడు.

“ముందు ఒక గుండ్రం. దాంట్లో నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత. అడ్డగీత మీద కళ్ళు. కింద చిన్న గుండ్రం పెడితే మూతి. పక్కన చెవులు. చివర్లో కళ్ళల్లో కాస్త మెరుపు. అంతే.”

“నాకొస్తుందా మాస్టారూ?”

“బట్ట కత్తిరించే చెయ్యి, ఎందుకు రాదు? ఒక్కటి మాత్రం గుర్తుంచుకో అమ్మాయ్. అయ్యాక అదనపు గీతలన్నీ చెరిపెయ్. తలకి చుట్టూ ఒకటే గీత ఉండాలి. కొత్తవాళ్ళంతా అక్కడే తప్పు చేస్తారు.”

ఆమెని వీధిలో అందరూ టైలరమ్మ అంటారు. మామూలు రోజుల్లో అయితే ఆమెకి తల గోక్కునే తీరిక కూడా ఉండదు, ఇక బొమ్మలొకటా. కానీ ఏడేళ్ళ కూతురు నాలుగు రోజులుగా జ్వరంతో మంచం దిగలేదు, చెంచాడు పాలు కూడా మింగలేదు. అంతకు ముందు రోజే వాళ్ళ కుక్క నల్లోడు ఎవరిదో కొత్త జాకెట్టు కొరికేశాడని టైలరమ్మే వాణ్ణి బయటికి గెంటి తలుపేసింది. పావుగంటలో వాడు వీధి మలుపులో వ్యాను కింద పడి చచ్చిపోయాడు. పిల్ల తల్లిని ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేదని టైలరమ్మ కుమిలిపోతోంది.

పొద్దున డాక్టరు వచ్చి చూసి పెదవి విరిచాడు. రేపటికల్లా లోపలికి ఏమీ పోకపోతే తను చెయ్యగలిగింది లేదన్నాడు. ఆయన వెళ్ళాక పిల్ల కళ్ళు తెరిచింది.

“నల్లోడి మొహం మర్చిపోతున్నానమ్మా. ఒక్కసారి చూపించు. పాలు తాగుతా.”

ఇంట్లో వాడి ఫొటో ఒక్కటీ లేదు.

మధ్యాహ్నం మూడింటికే మబ్బు కమ్మి గది చీకటైంది. కరెంటు పోయింది. టైలరమ్మ కత్తిరింపు బల్ల మీద గోధుమరంగు కాగితం పరిచి, చాక్ ముక్క పట్టుకుంది. మొదటి తల కుండలా వచ్చింది. రెండోది, నిజం చెప్పాలంటే, మాస్టారిలా వచ్చింది. మరో రోజైతే తల్లీ కూతుళ్ళు పడీ పడీ నవ్వేవాళ్ళు.

అప్పుడామెకి కొలతల పుస్తకం గుర్తొచ్చింది. నల్లోడికి మెడపట్టీ కుట్టినప్పుడు రాసుకుంది: మెడ పద్నాలుగు అంగుళాలు, చెవి నాలుగు. కొలత దొరికితే ఆమె చేతికి అడ్డే లేదు. గుండ్రం, గీతలు, మూతి, ఎప్పుడూ వాలి ఉండే ఎడమ చెవి. నల్లరంగు చాక్‌తో లోపలంతా నింపింది. తర్వాత, ఇరవై ఏళ్ళుగా ప్రతి గుడ్డ మీదా చేస్తున్నట్టే, తల చుట్టూ అంగుళం దూరంలో ఇంకో గీత గీసింది. కుట్టుకి వదిలే అంగుళం. పిల్లలు పెరుగుతారు, విప్పుకోడానికి ఉండాలి. కూతురి ఒంటి మీది గౌనుకీ అలాగే వదిలింది.

ఆ గీత గీసినట్టు ఆమెకే తెలీదు. కళ్ళల్లో మెరుపు పెట్టి, కాగితం పిల్ల ముందు నిలబెట్టింది.

“నల్లోడే,” అంది పిల్ల. పెదాలు కదిలాయి. నవ్వింది.

టైలరమ్మకి ప్రాణం లేచొచ్చింది. కాగితం బల్ల మీద పడేసి, పాలు వెచ్చబెట్టి తెచ్చి, గ్లాసు మంచం పక్కన పెట్టి, రొట్టె కోసం వంటగదిలోకి పరిగెత్తింది. వెనక చప్పుడు వినిపించింది. పాలు నాకుతున్న చప్పుడు. తిరిగొచ్చేసరికి గ్లాసు ఖాళీ.

“తాగేశావా నా తల్లీ!”

“నేను కాదమ్మా,” పిల్ల గుసగుసగా అంది. “వాడు తాగాడు.”

తడిసిన కుక్క వాసన గదంతా కమ్ముకుంది. టైలరమ్మ బల్ల వైపు చూసింది. లోపలి గీత లేదు... నలుపు అంగుళం దాకా పాకింది. బయటి గీతని నిండుగా ఒరుసుకుంటూ ఆగింది. వాలి ఉండాల్సిన ఎడమ చెవి నిక్కి ఉంది.

“అమ్మా... నల్లోడికి అంత పెద్ద నోరు లేదు.”

అదనపు గీతలు చెరిపెయ్యమన్న మాస్టారి మాట అప్పుడు గుర్తొచ్చింది. గుడ్డతో తుడిచింది. చాక్ పోలేదు. గుడ్డ తడిసింది... దానికి వెంట్రుకలు అంటుకున్నాయి. నా పిల్లని వదిలెయ్, నిన్ను గెంటింది నేను, నన్ను పట్టుకుపో అని ఏడుస్తూ కత్తెర అందుకుంది. ముక్కలు ముక్కలు చేద్దామనుకుంది.

కానీ ఆ చేతికి ముక్కలు చెయ్యడం తెలీదు. గీత కనిపిస్తే గీత మీదే పోతుంది. కర్... కర్... బయటి గీత మీద, ఒక్క నూలు తేడా లేకుండా, చుట్టూ కత్తిరించేసింది.

ఏదో బరువుగా నేల మీద పడింది.

బల్ల మీద కాగితంలో తల ఆకారంలో కన్నం. కింద ఏమీ లేదు. మంచం కింద ఊపిరి చప్పుడు... కాసేపు. తర్వాత అదీ లేదు.

పిల్ల లేచి కూర్చుంది.

“ఆకలేస్తోందమ్మా.”

నుదురు చల్లగా ఉంది. జ్వరం లేదు. టైలరమ్మ పళ్ళెంలో రొట్టె పెట్టింది. పిల్ల చేతులు కదపకుండా, పళ్ళెంలోకి వంగి తింది. రెండో రొట్టె తింది. మూడోదీ తింది. తింటోంది కదా, అదే పదివేలని తల్లి కళ్ళు తుడుచుకుంది.

“గౌను బిగుతైందమ్మా.”

టైలరమ్మ వీపు వైపు వంగి చూసింది. తను లోపల వదిలిన అంగుళం రెండు పక్కలా విప్పేసి ఉంది. దారం కొసలు తడిగా ఉన్నాయి. అయినా బట్ట ఒంటికి పట్టేసి ఉంది.

పిల్ల తల తిప్పకుండానే అడిగింది.

“లోపల ఇంకా గుడ్డ ఉందా అమ్మా?”