అవతలి వైపు కెపాసిటర్

అది 2021 జనవరి. డ్రెస్డెన్‌లోని ఆ యూనివర్సిటీ ల్యాబుకి కోవిడ్ రూలు ఒక్కటే: లోపల ఎప్పుడూ ఒక్కరే ఉండాలి. పొద్దున షిఫ్టు ఈషాది, మధ్యాహ్నం ఆమె క్లాస్‌మేట్ కౌశల్‌ది. శుక్రవారంలోగా థీసిస్ రీడింగులు ఇవ్వకపోతే కౌశల్ వీసా గోవిందా.

అతని బోర్డు మీద ఉన్నది ఐసొలేటెడ్ ఆంప్లిఫయర్. ఇవతలి వైపుకి ఒక సప్లై, అవతలి వైపుకి ఇంకో సప్లై. రెంటికీ మధ్య తీగ ముక్క కూడా ఉండదు. ఒక్కో సప్లై పిన్నుకీ ఆనుకుని చిన్న కెపాసిటర్ పెట్టాలి, లేకపోతే రీడింగంతా గోలే. మన మహానుభావుడు పెద్దదైతే మంచిదనుకుని, అవతలి వైపుకి లావుపాటిది తెచ్చి రెండంగుళాల దూరంలో అతికించాడు. గోల తగ్గితే ఒట్టు.

మంగళవారం వచ్చి చూస్తే ఆ లావుపాటిది పీకేసి ఉంది. పిన్ను పక్కన బియ్యపు నూకంత కెపాసిటర్, ఎంతో పొందిగ్గా సోల్డర్ చేసి! రీడింగు కూడా శుభ్రంగా వస్తోంది. అయినా కౌశల్‌కి కడుపు మండిపోయింది. వేరేవాళ్ళు చెయ్యి పెట్టారని తెలిస్తే ప్రొఫెసర్ థీసిస్సే కొట్టేస్తాడు. దాన్ని పీకి తనదే పెట్టుకున్నాడు. బుధవారం మళ్ళీ ఆ నూకే. ఈ ఈషాకి ఏం పోయేకాలం?

గురువారం మూడింటికి తాళం తీశాడు. గదిలో సోల్డర్ పొగ వాసన. బోర్డు మీద మళ్ళీ అదే... వేలు పెడితే చురుక్కుమంది. వెంటనే ఫోన్ చేశాడు.

"నా బోర్డు ఎందుకు ముట్టినవ్ ఈషా? ఇప్పుడే పోయినవా ఇక్కడ్నుంచి?"

"పాగలైనవా? నాకు పాజిటివ్ వచ్చింది. ఆదివారం నుంచి రూంలనే పడున్న."

"మరి ల్యాబు తాళంచెవి ఇంకెవరి దగ్గరుంది?"

"నీ దగ్గర, నా దగ్గర. ఇంకెవ్వరి దగ్గర లేదు కద..."

కౌశల్ ఫోన్ పెట్టేశాడు. పారిపోదామంటే రేపే శుక్రవారం. అవతలి సప్లై ప్లగ్గు పీకేశాడు. అటు కరెంటే లేదు, ఇక రీడింగు చూపే తెర మీద గీత తిన్నగా పడుకోవాలి.

పడుకోలేదు. మెల్లగా లేస్తోంది... దిగుతోంది... తను గాలి పీలిస్తే లేస్తోంది. వదిలితే దిగుతోంది.

ఊపిరి బిగబట్టాడు.

గీత ఆగింది.

పది సెకన్లు... ఇరవై... రొమ్ము పగిలిపోయేలా ఉంది. అయినా అతను వదల్లేదు.

గీతే ముందు కదిలింది.